పరుగు తెచ్చిన పేరు

తెలుగులో 'పేరు పెట్టడం' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. పుట్టిన బిడ్డకు బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి, దానిమీద ఉంగరంతో పేరు వ్రాసి, చెవిలో చెప్పడం ఒకటి. ఎదుటివాళ్ళ ముక్కూ మొగమూ, నడకా మాటా చూసి వంకలు చెప్పడం రెండవది. మొదటి పని ఇంటివాళ్ళు ఒక్కసారే చేస్తారు. రెండవ పని ఊరంతా కలిసి, ఆ మనిషి బతికినన్నాళ్ళూ చేస్తుంది. తమాషా ఏమిటంటే చాలామందికి రెండవసారి పెట్టిన పేరే నిలుస్తుంది.

ఈ రెండు రకాల పేర్లూ మోసి, చివరకు తన కాళ్ళతో మూడవ పేరొకటి సంపాదించుకున్న తెలుగుపిల్ల కథ ఇది. కథ అన్నానే గాని ఇందులో కల్పన ఏమీ లేదు. ఆమె పేరు జీవాంజి దీప్తి. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ ఆమె ఊరు. పుట్టుకతోనే బుద్ధివికాసంలో లోపం ఉన్న ఈ పిల్ల, నాలుగు వందల మీటర్ల పరుగులో ప్రపంచంలో అందరికన్న ముందు నిలిచి, 2024లో పారిస్ పారాలింపిక్స్ నుంచి కంచు పతకం తెచ్చింది. మేధలో లోపమున్న క్రీడాకారులలో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయురాలు ఆమే.

నేను గన్నవరంలో ఉంటాను. వృత్తి కళాశాలలో తెలుగు చెప్పడం. పరుగు పందాల సంగతి నాకంటె బాగా తెలిసినవాళ్ళు మా కాలేజీ ఆటస్థలంలోనే ఉన్నారు. అయినా ఈ అమ్మాయి గురించి వ్రాయాలనిపించడానికి కారణం, ఆమె జీవితంలో పరుగుతోబాటు మాటల తగాదా కూడా ఉండడమే. మాటల తగాదా అంటే తెలుగు మాస్టారు జోక్యం చేసుకోక తప్పదు కదా!

గ్రహణం మీద నేరం

దీప్తి పుట్టినప్పుడు తల చిన్నదిగా, పెదవీ ముక్కూ తక్కినవారికి భిన్నంగా ఉండేవట. సూర్యగ్రహణం వేళ పుట్టడంవల్ల ఇలా అయిందని ఇంట్లో అనుకునేవాళ్ళు. తరువాతి రోజుల్లో తల్లి పత్రికలవాళ్ళకు ఈ మాట చెప్పింది. ఊళ్ళోవాళ్ళు, చుట్టాలలో కొందరూ ఆ పిల్లను 'పిచ్చి' అన్నారు, 'కోతి' అన్నారు. అనాథాశ్రమంలో వదిలేసి రమ్మని సలహా చెప్పినవాళ్ళూ లేకపోలేదు. తల్లి వదలలేదు.

ఆ గ్రహణం మాట కొంచెం చూద్దాం. క్రీడా పట్టికలలో ఆమె పుట్టిన తేది 2003 సెప్టెంబరు 27. ఆ రోజున గాని, ఆ వారంలో గాని ఎక్కడా గ్రహణం లేదు. ఆ తరువాత వచ్చిన సూర్యగ్రహణం నవంబరు 23న దక్షిణ ధ్రువం దగ్గర, మంచుమీద పడింది. నిజానికి సెప్టెంబరు 27 దసరా నవరాత్రుల రోజు. ఇక్కడ మా బెజవాడ కొండమీద దుర్గమ్మకు అలంకారాలు జరుగుతున్న సమయంలో అక్కడ కల్లెడలో ఆ బిడ్డ కన్ను తెరిచింది.

దీనికి తల్లిని తప్పుపట్టడానికి వీలులేదు. ఆమె చేత ఆ మాట అనిపించింది మన భాష. పెదవి చీలి పుట్టడాన్ని మనం 'గ్రహణం మొర్రి' అంటాము. రోగానికి పెట్టిన పేరులోనే కారణం ఇరికించేశాము. కడుపుతో ఉన్న ఇల్లాలు గ్రహణంనాడు ఏదో తరిగిందనీ, బయటికి వచ్చిందనీ, కాలు మడిచి కూర్చున్నదనీ లెక్కలు తీస్తాము. నేరం ఆకాశంలో సూర్యుడిమీద మోపినట్టే ఉంటుంది గాని, శిక్ష మాత్రం ఇంట్లో ఆడదానికి పడుతుంది. పెదవి చీలిక గర్భంలో మొదటి మూడు నెలలలోపు, ముఖంలోని భాగాలు సరిగా అతుక్కోకపోవడంవల్ల వస్తుందని వైద్యులు ఏనాడో తేల్చారు. అయినా నిఘంటువులో ఆ మాట అలాగే ఉన్నది, తల్లుల గుండెల్లో అది పెట్టే భయమూ అలాగే ఉన్నది.

ఒక్క సంగతి మాత్రం నాకు చాలా ముచ్చట వేస్తుంది. ఊరు గ్రహణం అన్న పిల్లకు తల్లిదండ్రులు పెట్టుకున్న పేరు దీప్తి. దీప్తి అంటే వెలుగు. పెద్ద చదువులు లేని ఆ దంపతులు ఊరికి ఇంతకంటె మంచి జవాబు ఏం చెప్పగలరు?

ఆటస్థలం ఉన్న పల్లె

దీప్తి తల్లిదండ్రులు కూలిపనిమీద బతికినవాళ్ళు. ఉన్న అర ఎకరమూ అమ్ముకోవలసిన రోజు కూడా వచ్చింది. పూట గడవడమే కష్టమైన ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. పొలానికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోతారు, లేకపోతే ఇంట్లో పెట్టి గొళ్ళెం వేస్తారు.

అయితే కల్లెడకు ఒక అదృష్టం ఉన్నది. ఆ ఊళ్ళో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే బడి ఉన్నది. ఆ బడిలో చదువుతోబాటు ఆటలకు చోటు ఉన్నది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో మన దేశం తరపున పోటీచేసిన వర్ధినేని ప్రణీత ఆ ఊరి పిల్లే, ఆ బడి పిల్లే. ఒక పల్లెటూరినుంచి ఒలింపిక్స్‌కు ఒకరు, పారాలింపిక్స్‌కు ఒకరు వెళ్ళారంటే దానిని ఊరి జాతకమని సరిపెట్టుకోవద్దు. ఒక ఆటస్థలం, ఒక డ్రిల్లు మాస్టారు, బడి మానకుండా వచ్చే పిల్లలు, ఈ మూడూ ఒకచోట చేరితే జరిగే పని అది. మన డెల్టాలో ఎకరాలకు ఎకరాలు ఉన్న ఊళ్ళున్నాయి. బడి ముందు నూరు గజాలు పరిగెత్తే చోటు ఉన్న ఊళ్ళు ఎన్ని ఉన్నాయో ఎవరి ఊరిని వారే చూసుకోవాలి.

ఆ బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఈ పిల్ల పరుగు చూశాడు. ఊరు ముఖం చూసింది, ఆయన కాళ్ళు చూశాడు. మామూలు పిల్లలతోనే పందాలకు నిలబెట్టాడు. ఆమె గెలవడం మొదలు పెట్టింది. అలా ఖమ్మంలో జరిగిన పోటీలలో నాగపురి రమేశ్ అనే శిక్షకుడి కంటబడింది. పరుగు రాణి ద్యుతీ చంద్‌కు శిక్షణ ఇచ్చి, 2016లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నవాడాయన. ఈ పిల్లను హైదరాబాదు పంపండి, నేను చూసుకుంటానన్నాడు. పంపడానికి తల్లిదండ్రుల దగ్గర బస్సు చార్జీలకు డబ్బులేదు. ఎలాగో ఆ పిల్ల హైదరాబాదు చేరింది. ప్రపంచ రికార్డుకూ కల్లెడకూ మధ్య అడ్డంగా నిలిచింది, చూడండి, ఒక ఆర్టీసీ టిక్కెట్టు!

తిట్టు హక్కుగా మారిన చోటు

అక్కడ బాడ్మింటన్ గురువు పుల్లెల గోపీచంద్ ఆమెను చూసి, ఈమెకు సికిందరాబాదులో పరీక్షలు చేయించండని రమేశ్‌కు సలహా ఇచ్చాడు. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్రప్రభుత్వం వారి సంస్థ ఒకటి 1984 నుంచి ఉన్నది. బుద్ధివికాసంలో వెనుకబడిన పిల్లలను పరీక్షించడం, వారికి చదువు చెప్పే ఉపాధ్యాయులను తయారుచెయ్యడం దాని పని. అక్కడ పరీక్షలు జరిగి, ఆమెకు మేధో వైకల్యం ఉన్నదని కాగితం ఇచ్చారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఊరు 'పిచ్చి' అన్నప్పుడు అది తిట్టు. వైద్యులు 'మేధో వైకల్యం' అన్నప్పుడు అది హక్కు. రెండూ ఒకే పిల్లను గురించి అన్న మాటలే. ఒకటి తలుపు మూసింది, రెండవది తలుపు తెరిచింది. పైగా ఊరన్న మాట అబద్ధం కూడా. పిచ్చి అనేది మనస్సుకు వచ్చే జబ్బు. అది ఎవరికైనా, ఏ వయస్సులోనైనా రావచ్చు, వైద్యంతో నయం కావచ్చు. మేధో వైకల్యం జబ్బు కాదు. నేర్చుకోవడం, లెక్క కట్టుకోవడం, సమయానికి తగినట్టు నిర్ణయించుకోవడం నెమ్మదిగా సాగే తత్త్వం. చెప్పిన మాట పదిసార్లు చెప్పవలసి రావచ్చు. పదకొండోసారికి వస్తుంది. తేడా అంతే.

పారాలింపిక్స్‌లో ఇలాంటివాళ్ళ పరుగు పందాల తరగతిని 'టి-20' అంటారు. క్రికెట్టు టి-20తో దీనికి ఏ బాదరాయణ సంబంధమూ లేదు. ఇందులో చేరాలంటే బుద్ధిసూచిక 75కు మించకూడదు, రోజువారీ పనులలో ఇబ్బంది ఉండాలి, ఆ లోపం చిన్నతనంనుంచీ ఉన్నదై ఉండాలి. అది ఆటలో కూడా అడ్డు తగులుతున్నదని వేరే పరీక్షలో తేలాలి.

పరుగుకు బుద్ధితో పనేమిటి, కాళ్ళు బాగుంటే చాలదా అని మీరు అడగవచ్చు. నాలుగు వందల మీటర్లంటే మైదానం చుట్టూ సరిగ్గా ఒక చుట్టు. నూరు మీటర్లలాగా మొదటినుంచీ ఉన్న శక్తినంతా ధారపోస్తే, చివరి మలుపు తిరిగేసరికి కాళ్ళు సీసం పోసినట్టు బరువెక్కుతాయి. అట్టేపెట్టుకుంటే పక్కవాళ్ళు దాటిపోతారు. ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత మిగుల్చుకోవాలి అన్న లెక్క ఒకటి పరుగు తీస్తూనే లోపల నడవాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు కష్టమయ్యేది ఆ లెక్కే. దానిని శిక్షకుడు నెలల తరబడి, ఏళ్ళ తరబడి, మళ్ళీ మళ్ళీ పరిగెత్తించి, తలతో కాక ఒంటితో నేర్పించాలి.

కంటికి కనిపించని లోపం

ఈ పరీక్షలు ఇంత గట్టిగా ఉండడానికి వెనుక సిగ్గుపడవలసిన కథ ఒకటి ఉన్నది. 2000 సంవత్సరంలో సిడ్నీ పారాలింపిక్స్ జరిగాయి. మేధో వైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు స్వర్ణం గెలిచింది. కొద్ది రోజులకు ఆ జట్టులోని ఆటగాడే ఒకడు, కార్లోస్ రిబగోర్డా అనే పత్రికా రచయిత, నిజం బయటపెట్టాడు. పన్నెండుగురు ఆటగాళ్ళలో పదిమందికి ఏ లోపమూ లేదు! కాలు లేనివాడినని నటించడం కష్టం. బుద్ధి తక్కువవాడినని నటించడం తేలిక అనుకున్నారు, తెలివిగలవాళ్ళు.

మోసం చేసింది తెలివిగలవాళ్ళు, శిక్షపడింది తెలివి తక్కువవాళ్ళమని లోకం పేరుపెట్టినవాళ్ళకు. పారాలింపిక్ సంఘం మేధో వైకల్యమున్న క్రీడాకారుల నందరినీ పక్కన పెట్టేసింది. 2004లో ఏథెన్స్‌లో వాళ్ళకు పందాలు లేవు, 2008లో బీజింగ్‌లో లేవు. ఆ స్పెయిన్ జట్టులో నిజంగా లోపం ఉన్న ఆ ఇద్దరూ కూడా పతకాలు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. కనిపించని లోపాన్ని కొలిచే పద్ధతిని విశ్వవిద్యాలయాల పండితులు కూర్చుని తయారుచేసిన తరువాత, 2009లో వాళ్ళను మళ్ళీ రానివ్వడానికి తీర్మానం జరిగింది. 2012లో లండన్‌లో తిరిగి అడుగుపెట్టారు. అప్పటికీ నాలుగు వందల మీటర్ల పరుగు వాళ్ళకు లేదు. అది 2016లో రియోలో వచ్చింది.

అంటే దీప్తి పుట్టేనాటికి ఆమెలాంటివాళ్ళకు పారాలింపిక్స్ తలుపులు మూసి ఉన్నాయి. ఆమె బడిలో పరిగెత్తడం నేర్చుకుంటూ ఉండగా ఎక్కడో ఎవరో ఒక్కొక్క తలుపే తీశారు.

వరదలో వచ్చిన కబురు

తరువాతి సంగతులు చకచకా జరిగిపోయాయి. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా పారా క్రీడలలో 56.69 సెకన్లలో పరిగెత్తి స్వర్ణం గెలిచింది. 2024 మే 20న జపానులోని కోబెలో ప్రపంచ పోటీలలో 55.07 సెకన్లలో గీత దాటింది. అంతకుముందు అమెరికా యువతి బ్రియానా క్లార్క్ పేర ఉన్న 55.12 సెకన్ల ప్రపంచ రికార్డు చెరిగిపోయింది. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. కంటిరెప్ప వేసి తీసేటంత సేపు కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలో 'కోతి' అని పిలిపించుకున్న పిల్ల ప్రపంచంలో మొదటిదయింది.

ఆ ఏడు సెప్టెంబరు 3 రాత్రి పారిస్‌లో చివరి పందెం. ఆ రోజుల్లో మా కృష్ణాజిల్లావాళ్ళకు పందాలు చూసే తీరిక లేదు. బుడమేరు గట్లు తెగి బెజవాడలో సగం ఊరు నీళ్ళలో ఉన్నది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పారింది. బ్యారేజి కట్టిన తరువాత అంత నీరు ఎన్నడూ ఎరగము. గన్నవరంలో మా నెత్తిమీద హెలికాప్టర్లు తిరుగుతున్నాయి. వరంగల్లు వైపు కేసముద్రం దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడుతున్నాయి. ఇటు బెజవాడకూ అటు ఆ పిల్ల ఊరికీ మధ్య రైలు దారే లేదు. అలాంటి వేళ కబురు వచ్చింది. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ 55.16 సెకన్లలో మొదటిది. తుర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ 55.23లో రెండవది. మన దీప్తి 55.82లో మూడవది.

మా వీధిలో పాలకేంద్రం దగ్గర నిలబడి జనం వరద కబుర్లు చెప్పుకుంటున్నారు. అంత దిగులులోనూ ఎవరో ఈ మాట చెబితే ఒక్క క్షణం అందరి ముఖాలూ విప్పారాయి. రాష్ట్రాలు రెండయినా, మంచి కబురు వస్తే 'మన పిల్ల' అనడం ఇంకా మానలేదు.

తెలంగాణ ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, వరంగల్లులో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. శిక్షకుడికి పది లక్షలు. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతిమీదుగా అర్జున పురస్కారం అందింది. బహుమతుల సొమ్ముతో ఆ ఇంటికి మళ్ళీ భూమి అమరింది. అర ఎకరం అమ్ముకున్న తండ్రి బిడ్డ పరుగు పుణ్యమా అని తిరిగి రైతయ్యాడు.

ప్రపంచ రికార్డు మాత్రం ఆమె దగ్గర ఎక్కువకాలం ఉండలేదు. పారిస్ తొలి పందాలలోనే ఓండర్ 54.96 సెకన్లతో దాన్ని దాటేసింది. 2025 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో కూడా ఓండర్‌కే స్వర్ణం, దీప్తికి రజతం. ఆ పందెం జరిగింది సెప్టెంబరు 27న. ఆ రోజుతో దీప్తికి 22 నిండాయి. రికార్డులు వస్తాయి, పోతాయి. 'లోపమున్న పిల్లలు కదా, ఎలా పరిగెత్తినా సరే' అని చప్పట్లు కొట్టే జాలి పందెం కాదది. సెకనులో నూరో వంతుకోసం ప్రాణం పెట్టి పోట్లాడుకునే అసలు పందెం. ఓడిపోయే హక్కు కూడా గౌరవంలో భాగమే.

"మావాడు పరిగెత్తలేడు కదండీ"

ఇక్కడితో ముగిస్తే వ్యాసం నిండుగానే ఉంటుంది. కాని మా వీధిలో ఒక తల్లి అడిగిన ప్రశ్న నన్ను ముగించనివ్వడం లేదు. ఆమె కొడుకుకు ఇరవై దాటాయి. మాట స్పష్టంగా రాదు, లెక్క రాదు. తెల్లవారుజామున పాల క్యానులు కేంద్రానికి చేర్చడంలో మాత్రం ఒక్కరోజు తప్పడు. టీవీలో దీప్తిని చూసి ఆ తల్లి నన్ను ఆపి అడిగింది.

"మాస్టారూ, ఆ పిల్ల కూడా మావాడిలాంటిదేనాండీ?"

"అలాంటిదేనమ్మా" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. అంతలోనే మసకబారింది. "కాని మావాడు పరిగెత్తలేడు కదండీ" అన్నది.

ఆ మాటలో ఎంత భయం ఉన్నదో గమనించండి. లోకం తన బిడ్డను మనిషిగా చూడాలంటే ముందు పతకం తెచ్చిపెట్టాలి కాబోలు అన్న భయం అది. మనం దీప్తిని పొగిడే పద్ధతిలోనే ఆ భయానికి విత్తనం ఉన్నది. 'చూశారా, ఏమీ చేతకాదనుకున్న పిల్ల ఏం సాధించిందో' అంటాము. సాధించకపోతే? కల్లెడలో ఆ పిల్లకు పరుగు రాకపోయి ఉంటే, 'కోతి' అనడం సబబే అయి ఉండేదా?

ఆ తల్లి ప్రశ్నకు లోకంలో ఒకచోట జవాబు దొరికింది. అమెరికాలో కెనెడీల కుటుంబం పేరు వినని వారుండరు. అధ్యక్షుడు జాన్ కెనెడీకి రోజ్‌మేరీ అనే చెల్లెలు ఉండేది. 1918లో పుట్టింది. బుద్ధివికాసంలో వెనుకబడిన పిల్ల. 1941లో, ఆమెకు 23 ఏళ్ళప్పుడు, నయమవుతుందన్న ఆశతో తండ్రి మెదడుకు శస్త్రచికిత్స చేయించాడు. దానితో ఉన్న నడకా మాటా కూడా పోయాయి. ఊరికి దూరంగా ఒక ఆశ్రమంలో ఉంచారు. ఎన్నో ఏళ్ళు ఆ ఇంట్లో ఆమె మాటే బయటికి రాలేదు. కోట్లున్న ఇంటికీ కూలి ఇంటికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదన్నమాట. కాదు, తేడా ఉన్నది. కల్లెడ తల్లి బిడ్డను దాచలేదు.

రోజ్‌మేరీ చెల్లెలు యూనిస్ కెనెడీ శ్రైవర్ 1962లో, అన్న అధ్యక్షుడుగా ఉండగానే, అక్క సంగతి లోకానికి చెప్పింది. ఎక్కడ చెప్పిందనుకున్నారు? మనం చదువుకునే ఇలాంటి జనరంజకమైన వారపత్రికలోనే, వ్యాసంగా వ్రాసింది. ఆ వేసవిలోనే తన ఇంటి పెరట్లో ఇలాంటి పిల్లలకు ఆటల శిబిరం పెట్టింది. అదే పెరిగి 1968 జూలై 20న చికాగోలో మొదటి 'స్పెషల్ ఒలింపిక్స్' అయింది. సుమారు వెయ్యిమంది ఆడారు. అక్కడ పద్ధతి వేరు. అందరిలోకీ వేగంగా పరిగెత్తేవాళ్ళను ఏరడం వాళ్ళ పని కాదు. ఎవరి శక్తికి సరిపడినవాళ్ళను వాళ్ళతో జతకట్టి పోటీ పెడతారు. నెమ్మదిగా నడిచేవాడికి నెమ్మదిగా నడిచేవాళ్ళతోనే పందెం. మన దేశంలోనూ ఈ క్రీడలు జరిపించే సంస్థ ఉన్నది. పాల క్యాను తప్పకుండా మోసే కుర్రవాడికి అక్కడ చోటుంటుంది. ఈ సంగతి ఆ తల్లికి చెప్పాను.

మాటలు మార్చుకోవడం

ఒకనాడు తరగతిలో పిల్లలకు ఒక పని చెప్పాను. బుద్ధి ఎదగనివాళ్ళను మీ ఊళ్ళలో ఏమంటారో, విన్న మాటలన్నీ చెప్పండి అన్నాను. వెర్రిబాగులవాడు, పిచ్చిమాలోకం, మొద్దు రాచ్చిప్ప, మట్టిబుర్ర, తిక్కశంకరయ్య, వెర్రివెంగళప్ప... నవ్వుతూ చెప్పారు. నల్లబల్ల నిండిపోయింది. ఇప్పుడు గౌరవంగా పిలిచే మాటలు చెప్పండి అన్నాను. చాలాసేపటికి 'అమాయకుడు' అన్నాడొకడు, 'దేవుడి బిడ్డ' అన్నదొక అమ్మాయి. తరువాత నిశ్శబ్దం. వెనుక బెంచీలో ఒక కుర్రవాడు నెమ్మదిగా లేచి, "మా అన్నయ్యను మేం పేరు పెట్టే పిలుస్తామండీ" అన్నాడు. ఇక ఎవరూ నవ్వలేదు. నేను చెప్పబోయిన పాఠం ఆ కుర్రవాడే చెప్పేశాడు.

భాష మారదనుకోవద్దు. అమెరికాలో ఒక తొమ్మిదేళ్ళ పిల్ల పేరుమీద 2010లో చట్టం చేసి, ప్రభుత్వ కాగితాలలోనుంచి పాత తిట్టుమాటను తీసివేశారు. సికిందరాబాదు సంస్థ కూడా తన పాత పేరు మార్చుకుని, ఇప్పుడు దివ్యాంగుల సాధికారత పేరుతో నడుస్తున్నది. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, తగినంత వైకల్యం ఉన్న పిల్లలకు ఆరునుంచి పద్దెనిమిదేళ్ళవరకు ఉచితంగా చదువు చెప్పాలన్నది. మన మండలాలలో 'భవిత' కేంద్రాలు ఉన్నవి ఈ పిల్లలకోసమే. ఇంట్లో గొళ్ళెం వెనుక ఉన్న పిల్లకు ఇవేవీ అందవు. గొళ్ళెం తీయాలంటే ముందు తల్లికి వీధిని చూస్తే భయం పోవాలి. వీధి అంటే మరెవరో కాదు, మీరూ నేనూ.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు. నాలుగు వందల మీటర్లు పరిగెత్తి ఊరి నోరు మంచిది చేసిన పిల్ల దీప్తి. ఇప్పుడు కల్లెడలో ఆమెను ఎవరూ పాత పేర్లతో పిలవరు. సంతోషమే. అయితే ఊరి నోరు మార్చే భారం ఆ పసిపిల్ల కాళ్ళమీద పడడం న్యాయం కాదు. ప్రపంచమంతా తిరిగి పతకం తెస్తేగాని సొంత పేరుతో పిలిపించుకునే అదృష్టం దక్కకపోతే, ఆ దారి చాలా దూరం. అందరి కాళ్ళకూ అంత బలం ఉండదు.

మీ వీధిలోనూ ఇలాంటి పిల్లో పిల్లాడో ఉండే ఉంటారు. వాళ్ళ అసలు పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఈ సాయంత్రం ఆ తల్లిని అడగండి. ఎందుకు అడిగారని ఆమె మొదట అనుమానంగా చూస్తుంది. తరువాత చెబుతుంది. ఆ పేరు ఎన్నో ఆశలతో బియ్యంలో వ్రాసి పెట్టుకున్నదే. దానితో పిలవండి, పలుకుతారు.